సిపియు అసలు ఆన్ అవ్వట్లేదు, ఒక్క లైటు కూడా లేదు. మదర్‌బోర్డ్ పోయిందంటున్నారు, నిజమేనా?

తణుకు_డీటీపీ | ఆదివారం ఉదయం 8:52

అందరికీ నమస్కారం అండి. మాది తణుకులో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. నిన్న రాత్రి ఉరుములతో పెద్ద వాన పడింది, కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. అప్పటికే నేను షట్‌డౌన్ చేసి షాపు కట్టేశాను. పొద్దున వచ్చి బటన్ నొక్కితే సిపియులో ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫ్యాన్ తిరగదు, బీప్ రాదు, ముందు లైటు వెలగదు. మానిటర్ మాత్రం వెలిగి సిగ్నల్ లేదని చూపిస్తోంది.

2014లో అసెంబుల్ చేయించాం. 4వ తరం ఐ3, హెచ్81 బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 450 వాట్ల ఎస్సెంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా). గ్రాఫిక్స్ కార్డు లేదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు, పదేళ్ళ శుభలేఖల ఫైళ్ళు అన్నీ దీంట్లోనే ఉన్నాయి. శ్రావణ మాసం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి, మంగళవారం పొద్దునకి మూడు కార్డులు ప్రెస్సుకి వెళ్ళాలి. పిడుగు దెబ్బేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_సర్వీస్ | ఆదివారం ఉదయం 9:10

అమ్మా, ముందు ఫైళ్ళ గురించి దిగులు పెట్టుకోకండి. సిపియు ఆన్ కానంత మాత్రాన హార్డ్ డిస్క్ పోయినట్టు కాదు. ఎంత ఆలస్యమైనా ఆ డిస్క్ తీసి ఇంకో డెస్క్‌టాప్‌కి సాటా కేబుల్‌తో తగిలిస్తే మీ కార్డులు బయటికి తీసుకోవచ్చు. యూఎస్‌బీ అడాప్టర్‌తో తీద్దామనుకుంటే మాత్రం విడిగా కరెంటు అడాప్టర్ ఉన్నది కొనండి. డెస్క్‌టాప్‌లో వాడే పెద్ద డిస్కుకి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులతో అది తిరగదు.

ఇక అసలు పని. గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి రండి. సిపియు పెట్టే ప్లగ్గులోనే టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడండి. యూపీఎస్‌ని పక్కనపెట్టి నేరుగా గోడ ప్లగ్గుకి ఇవ్వండి. మానిటర్ పవర్ కేబుల్, సిపియు పవర్ కేబుల్ మామూలుగా ఒకటే రకం, మీ మానిటర్ వెలుగుతోంది కాబట్టి దాని కేబుల్ తీసి సిపియుకి పెట్టండి. వెనక ఎస్సెంపీఎస్ పక్కన చిన్న స్విచ్ ఉంటే గీత ఉన్న వైపు నొక్కి ఉండాలి, సున్నా వైపు కాదు. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అది ఆఫ్ అయిన కేసులు నేను చాలా చూశాను.

తణుకు_డీటీపీ | ఆదివారం ఉదయం 9:48

అన్నీ చూశానండి. ఫ్యాన్ తిరిగింది. మానిటర్ కేబుల్ మార్చినా, యూపీఎస్ తీసేసినా అంతే. వెనక స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఒక్కటి గమనించాను. మా మౌస్ కింద ఎర్ర లైటు షట్‌డౌన్ చేశాక కూడా రాత్రంతా వెలుగుతూ ఉండేది. ఇప్పుడు అదీ వెలగడం లేదు.

ఓరుగల్లు_విద్యార్థి | ఆదివారం ఉదయం 10:05

అక్కా, పవర్ కేబుల్ మొత్తం పీకేసి ముందు బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి పోతది. పది నిమిషాలు ఆగి మళ్ళీ కేబుల్ పెట్టి చూడండి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎస్సెంపీఎస్ రక్షణలోకి పోయి అట్లనే లాక్ అయిపోతుంటది. మా హాస్టల్ల నాది రెండుసార్లు ఇట్లనే లేచింది.

డల్లాస్_తెలుగు | ఆదివారం ఉదయం 10:21

మీ ఎస్సెంపీఎస్ వెనక ఎర్రటి చిన్న జారుడు స్విచ్ ఉందా? 115, 230 అని రాసి ఉంటుంది. మన దగ్గర అది 230 మీదే ఉండాలి. నేను చాలా ఏళ్ళ కిందట అమెరికా నుంచి మా నాన్నగారి కోసం ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చాను. ఆ స్విచ్ 115 మీదే ఉంది, చూసుకోలేదు. రాజమండ్రిలో ప్లగ్ పెట్టి స్విచ్ వేయగానే తుపాకి పేలినట్టు శబ్దం, గదంతా కాలిన వాసన. 115 మీద పెడితే లోపలి సర్క్యూట్ వచ్చిన వోల్టేజిని రెట్టింపు చేసుకుంటుంది. దానికి 230 ఇస్తే 650 వోల్టుల దాకా పోతుంది. అంత ఒత్తిడికి ఆ కెపాసిటర్లు ఎలా నిలుస్తాయి? మా నాన్నగారు ఆ గదిలోనే ఉన్నారు. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే భయమేస్తుంది.

తణుకు_డీటీపీ | ఆదివారం మధ్యాహ్నం 1:30

ఎర్ర స్విచ్ లేదండి, 200-240 అని మాత్రమే రాసి ఉంది. తమ్ముడు చెప్పినట్టు బటన్ పట్టుకుని చూశాను, ఫలితం లేదు.

ఇందాక మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి వచ్చాడు. తన దగ్గరున్న ఇంకో ఎస్సెంపీఎస్ తగిలించి చూశాడు. దాంతోనూ ఆన్ కాలేదు. "రెండు ఎస్సెంపీఎస్‌లతోనూ లేవలేదంటే బోర్డు పోయినట్టే మేడమ్, ఈ బోర్డులు పాతవైపోయాయి, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాలి" అన్నాడు. అంత డబ్బు ఇప్పుడు పెట్టలేను. పెట్టినా పాత పేజ్‌మేకర్, ఫాంట్లు అన్నీ కొత్తదాంట్లో కూర్చోబెట్టేసరికి ఈ సీజన్ అయిపోతుంది. అతను చెప్పింది నిజమేనా?

బెజవాడ_సర్వీస్ | ఆదివారం మధ్యాహ్నం 2:15

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదమ్మా. కానీ దారి మధ్యలో ఆగిపోయాడు. ఎస్సెంపీఎస్ మార్చి చూడటం మంచి పనే. దాంతో తేలింది ఒక్కటే, తప్పు ఎస్సెంపీఎస్‌కి అవతల ఉందని. అవతల అంటే బోర్డు ఒక్కటే కాదు. బోర్డుకి తగిలించి ఉన్న ప్రతి వైరూ, ప్రతి వస్తువూ అవతలే. ఒక్కొక్కటీ పీకి చూడకుండా బోర్డు మీద తీర్పు చెప్పకూడదు. ఈ మాట నేను 22 ఏళ్ళుగా మా కుర్రాళ్ళకి చెబుతూనే ఉన్నాను. బాగానే ఉన్న బోర్డులు పాత ఇనుముకి పోవడం కళ్ళారా చూశాను.

సిపియు ఎలా మేలుకుంటుందో తెలిస్తే మీరే వెతకగలరు. ప్లగ్ పెట్టి స్విచ్ వేయగానే, మీరు బటన్ నొక్కకముందే, ఎస్సెంపీఎస్ ఒక్క వైరు మీద 5 వోల్టులు పంపుతుంది. బోర్డుకి వెళ్ళే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఊదారంగు వైరు అదే. స్టాండ్‌బై అంటాం. ఇంట్లో అందరూ పడుకున్నా వాచ్‌మన్ మేలుకుని ఉన్నట్టు, బోర్డులో ఒక చిన్న భాగం ఆ 5 వోల్టులతో బతికి ఉంటుంది. మీరు బటన్ నొక్కితే ఆ భాగం ఆకుపచ్చ వైరుని నేలకి, అంటే నల్ల వైరుకి కలుపుతుంది. అప్పుడు ఎస్సెంపీఎస్ పూర్తిగా లేచి పసుపు మీద 12, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 వోల్టులు ఇస్తుంది. అంతా నిలకడగా ఉందని బూడిదరంగు వైరు మీద చెప్పాకే ప్రాసెసర్ పని మొదలవుతుంది.

మీ మౌస్ లైటు కూడా లేదంటే తప్పు మొదటి మెట్టు దగ్గరే, ఆ ఊదారంగు వైరు దగ్గరే ఉండొచ్చు. మల్టీమీటర్ దొరుకుతుందా? ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఉంటుంది.

కడప_కంప్యూటర్స్ | ఆదివారం మధ్యాహ్నం 2:40

అంత తిప్పలు ఎందుకండీ, ఎస్సెంపీఎస్ నాలుగు స్క్రూలు విప్పి లోపల ఫ్యూజు చూడండి. ఎగిరిపోయి ఉంటే కొత్తది వేస్తే సరి.

మోడరేటర్ | ఆదివారం మధ్యాహ్నం 2:47

పై సలహా ఎవరూ పాటించవద్దు. ఎస్సెంపీఎస్ డబ్బా విప్పకండి. మన 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారితే 325 వోల్టుల దాకా ఉంటుంది, కొన్ని రకాల్లో 380కి పైనే. ప్లగ్ తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది. చేయి తగిలితే ప్రాణం పోవచ్చు. ఇంకో సంగతి, ఆ ఫ్యూజు ఊరికే పోదు. లోపల ఏదో షార్ట్ అయితేనే పోతుంది. ఫ్యూజు మాత్రం మార్చి స్విచ్ వేస్తే మళ్ళీ పేలుతుంది. ఆ పని తెలిసిన చేతికే వదలాలి.

సోల్డర్_పొగ | ఆదివారం మధ్యాహ్నం 3:05

బెజవాడ అన్న చెప్పినదానికి కొలిచే పద్ధతి నేను రాస్తాను. మీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల ప్రోబ్ ఏదైనా నల్ల వైరు సందులో, ఎర్ర ప్రోబ్ ఊదారంగు వైరు సందులో పెట్టాలి. కనెక్టర్ బోర్డుకి తగిలే ఉండాలి, వైర్లు దూరే వెనక వైపు నుంచి ప్రోబ్ లోపలికి నెట్టండి. పక్క పిన్నుకి తగలకుండా జాగ్రత్త. రీడింగ్ 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి.

తర్వాత గోడ స్విచ్ ఆపి, 24 పిన్నుల కనెక్టర్ బోర్డు నుంచి తీసేయండి. స్విచ్ వేసి ఊదారంగు మళ్ళీ కొలవండి. ఈ రెండు అంకెల తేడాలోనే సగం జవాబు ఉంటుంది.

మూడోది, కనెక్టర్ బయట ఉండగానే గోడ స్విచ్ ఆపి, పేపర్ క్లిప్పుని యూ ఆకారంలో వంచి ఆకుపచ్చ, దాని పక్క నల్ల రంధ్రాల్లో పెట్టండి. స్విచ్ వేస్తే ఎస్సెంపీఎస్ ఫ్యాన్ తిరగాలి. పసుపు 11.4కీ 12.6కీ మధ్య రావాలి. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ఎస్సెంపీఎస్ పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు, లోడ్ పడితే కూలబడేవి ఉంటాయి. తిరగకపోతే మాత్రం పోయినట్టే అనుకోండి.

తణుకు_డీటీపీ | ఆదివారం సాయంత్రం 5:40

పక్క షాపు ఎలక్ట్రీషియన్ బాబాయి మీటర్ పట్టుకుని వచ్చారు. ఆయన కొలుస్తుంటే నేను రాసుకున్నాను.

కనెక్టర్ బోర్డుకి ఉన్నప్పుడు ఊదారంగు: 0.4 నుంచి 1.3 వరకు పైకీ కిందకీ ఊగుతోంది, ఒక చోట నిలవడం లేదు. చెవి దగ్గర పెడితే ఎస్సెంపీఎస్ లోంచి టిక్, టిక్ అని సన్నగా వినిపిస్తోంది.
కనెక్టర్ తీసేశాక ఊదారంగు: 5.06, కదలకుండా ఉంది. టిక్ టిక్ ఆగిపోయింది.
పేపర్ క్లిప్పుతో ఫ్యాన్ తిరిగింది. పసుపు 12.1, ఎరుపు 5.04.

ఇంకోటి, బోర్డు మీద కెపాసిటర్లు టార్చి వేసి చూశాం. ఏదీ పైన ఉబ్బలేదు, కారలేదు. కాలిన వాసన కూడా లేదు.

సోల్డర్_పొగ | ఆదివారం సాయంత్రం 6:02

చాలా చక్కగా కొలిచారు. బాబాయి గారికి నా నమస్కారం చెప్పండి.

మీ ఎస్సెంపీఎస్ బాగానే ఉంది. బోర్డుకి తగిలించగానే ఎవరో ఆ 5 వోల్టుల్ని నేలకి లాగేస్తున్నారు. ఎస్సెంపీఎస్ షార్ట్ గమనించి ఆపేస్తోంది, మళ్ళీ ప్రయత్నిస్తోంది, మళ్ళీ ఆపేస్తోంది. ఆ టిక్ టిక్ అదే. రెండో ఎస్సెంపీఎస్ తో కూడా లేవకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీరు పొద్దున రాసిన మౌస్ లైటు సంగతి చూడండి. షట్‌డౌన్ తర్వాత కూడా మౌస్ వెలిగేదంటే మీ బోర్డు స్టాండ్‌బై 5 వోల్టుల్ని యూఎస్‌బీ పోర్టులకి కూడా పంపుతోందన్నమాట. కాబట్టి ఏ ఒక్క యూఎస్‌బీ పోర్టులో షార్ట్ ఉన్నా స్టాండ్‌బై మొత్తం కూలిపోవచ్చు. కొన్ని బోర్డుల్లో పోర్టుకి విడిగా ఫ్యూజు ఉండి అడ్డుకుంటుంది, కానీ అది వేడెక్కి తెగేలోపే ఎస్సెంపీఎస్ ఆగిపోవచ్చు.

గోడ స్విచ్ ఆపి వెనక ఉన్నవన్నీ పీకేయండి: కీబోర్డు, మౌస్, ప్రింటర్, నెట్ కేబుల్. తర్వాత లోపల, క్యాబినెట్ ముందు భాగం నుంచి బోర్డుకి వచ్చే యూఎస్‌బీ వైర్లు. 10 పిన్నుల చోట ఒకటి ఖాళీగా ఉండి 9 ఉంటాయి, అది. 19 పిన్నుల మందపాటిది కూడా ఉంటే అదీ తీయండి. ఒక్కొక్కటి తీసిన ప్రతిసారీ ఊదారంగు కొలవండి. అన్నీ ఒకేసారి పీకితే ఎవరు దొంగో తెలియదు.

బెజవాడ_సర్వీస్ | ఆదివారం సాయంత్రం 6:10

తమ్ముడు సరిగ్గా పట్టాడు. మౌస్ లైటు మాట నేను స్టాండ్‌బై దాకానే ఆలోచించాను, పోర్టుల దాకా పోలేదు. ఫ్రంట్ యూఎస్‌బీతో మొదలుపెట్టండమ్మా, దెబ్బలు ఎక్కువ తినేది అదే.

తణుకు_డీటీపీ | ఆదివారం రాత్రి 7:25

దొరికిందండి!!

వెనకవన్నీ తీసినా 0.4 నుంచి 1.3 అలాగే ఊగింది. ముందు యూఎస్‌బీ వైరు, ఆ 9 పిన్నులది, బోర్డు నుంచి లాగగానే బాబాయి "5.05 అమ్మాయ్!" అని అరిచారు. బోర్డు మూలన ఇన్నాళ్ళూ నేను గమనించని చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది. మౌస్ తగిలిస్తే కింద ఎర్రగా వెలిగింది. ముందు బటన్ నొక్కాను, ఫ్యాన్ తిరిగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత టార్చి వేసి ముందు పోర్టు లోపల చూశాం. లోపల ఉండే నల్ల ప్లాస్టిక్ నాలుక సగానికి విరిగి పక్కకి ఒరిగిపోయింది. దాని మీద ఉండాల్సిన నాలుగు రాగి రేకుల్లో మూడు వరసగా ఉన్నాయి. చివరిది మడతపడి పైకి లేచి పోర్టు ఇనుప గోడకి ఆనుకుని ఉంది. అక్కడ గోరంత నల్లటి మచ్చ పడింది.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న రాత్రి నేను షట్‌డౌన్ చేసేశాక ఒక పెద్దాయన కార్డు మార్పులు ఉన్నాయని పెన్‌డ్రైవ్ తెచ్చారు. నేను ఫోన్‌లో ఉన్నాను. ఆయనే ముందు పోర్టులో దూర్చబోయారు, అది తిరగేసి పట్టుకున్నారు, లోపలికి పోకపోతే ఇంకాస్త గట్టిగా నొక్కారు. "రేపు రండి బాబుగారూ" అని పంపేశాను. పోర్టు వైపు చూడనే లేదు. వానా, ఉరుములూ, కరెంటు పోవడం, ఇవన్నీ తర్వాతే జరిగాయి. పొద్దున మొత్తం తప్పు పిడుగు మీద వేసేశాను.

సోల్డర్_పొగ | ఆదివారం రాత్రి 7:33

ఆ చివరి రేకే 5 వోల్టులది. ఇనుప గోడ నేలకి కలిసి ఉంటుంది. అందుకే అంత గట్టి షార్ట్. ఆ వైరు బోర్డుకి మళ్ళీ తగిలించకండి. ఫ్రంట్ ప్యానెల్ యూఎస్‌బీ ముక్క విడిగా దొరుకుతుంది, ఊళ్ళో దొరకకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళేవాళ్ళెవరితోనైనా తెప్పించుకోండి. అందాకా వెనక పోర్టుకి ఒక ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి బల్ల మీదకి తెచ్చుకుంటే కస్టమర్ పెన్‌డ్రైవ్‌లు అందులో పెట్టొచ్చు. విరిగినా ఆ వైరే పోతుంది.

తణుకు_డీటీపీ | ఆదివారం రాత్రి 8:10

అలాగే చేస్తానండి. ఇంకో రెండు సందేహాలు. ఆన్ అవగానే నల్ల తెర మీద ఏదో చెక్‌సమ్ తప్పు అని వచ్చింది, తేదీ పాత సంవత్సరం చూపించింది. అలాగే క్యాబినెట్ ఇనుము మీద చేయి పెడితే ఎప్పుడూ సన్నగా జిల్లుమంటుంది. అది కూడా దీనివల్లేనా?

బెజవాడ_సర్వీస్ | ఆదివారం రాత్రి 8:26

మొదటిది, బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032. ప్లగ్ ఉన్నంతసేపూ గడియారం స్టాండ్‌బై మీద నడుస్తుంది, అది లేనప్పుడు ఈ బ్యాటరీ మీద. రాత్రి నుంచీ స్టాండ్‌బై లేదు, బ్యాటరీ అప్పటికే ముసలిదై ఉంటుంది, అందుకే తేదీ, సెట్టింగులు చెరిగిపోయి ఆ తప్పు వచ్చింది. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది. మార్చి, బయోస్‌లో (ఆన్ అవగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెరలో) తేదీ, టైము సరిచేయండి. హార్డ్ డిస్క్ మోడ్ దగ్గర పాత సెట్టింగ్ ఐడీఈ అయి ఉంటే, ఇప్పుడు ఏహెచ్‌సీఐకి మారి ఉండొచ్చు, అప్పుడు విండోస్ సగంలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. అలా జరిగితే విండోస్ మళ్ళీ వేయకండి, ఆ సెట్టింగ్ వెనక్కి మార్చండి చాలు.

రెండోది దీనివల్ల కాదు, కానీ నన్నడిగితే దీనికంటే ముఖ్యమైనది. మీ ప్లగ్గుకి ఎర్త్ సరిగా లేదు. ఎస్సెంపీఎస్ లోపలికి కరెంటు వచ్చే చోట ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్ ఇనుముకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే అవి లీక్ చేసేది భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మీద 115 వోల్టుల దాకా తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటోంది. కానీ లోపల నిజంగా వైరు తెగి ఇనుముకి తగిలిన రోజున ఫ్యూజుని కొట్టించాల్సింది ఆ ఎర్తే. బాబాయి గారు మీటర్‌తో ఫేజుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య కొలవమనండి, 230కి దగ్గరగా రావాలి. న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేసి చూపించే వాళ్ళున్నారు, అలా చేయనివ్వకండి.

మానుకోట_రైటర్ | ఆదివారం రాత్రి 9:02

ఈ చర్చలోనే అడుగుతున్నా, ఏమనుకోకండి. నాది వేరే. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నయి, లైట్లు వస్తున్నయి, తెర మాత్రం నల్లగనే ఉంటది. ఇల్లు మారినప్పటి నుంచి ఇట్లనే.

ఓరుగల్లు_విద్యార్థి | ఆదివారం రాత్రి 9:15

అన్నా, ఇల్లు మారిన్రంటే కుదుపుకు ర్యామ్ కదిలి ఉంటది. ప్లగ్ తీసేసి ర్యామ్ బయటికి తీయండి, బంగారు రంగు కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగ తుడిచి, రెండు వైపులా క్లిప్పు టక్కుమనే దాకా నొక్కండి. రెండు ఉంటే ఒక్కటే పెట్టి చూడండి. ప్రాసెసర్ దగ్గర 4 లేదా 8 పిన్నుల పవర్ కనెక్టర్ ఊడిందేమో కూడా చూడండి, అది లేకున్నా ఫ్యాన్లు తిరుగుతయి గని తెర రాదు. మానిటర్ వైరు బోర్డుకు పెట్టిన్రా, గ్రాఫిక్స్ కార్డుకు పెట్టిన్రా?

మోడరేటర్ | ఆదివారం రాత్రి 9:20

మానుకోట గారూ, కొత్త చర్చ మొదలుపెట్టండి, అందరం అక్కడికే వస్తాం. తర్వాత వెతుక్కునేవాళ్ళకి వీలుగా ఉంటుంది.

తణుకు_డీటీపీ | మంగళవారం మధ్యాహ్నం 12:20

మూడు కార్డులూ పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళాయండి. బ్యాటరీ మార్చాను, విండోస్ ఏ గొడవా లేకుండా వచ్చింది. నిన్న బాబాయి ప్లగ్గు కొలిస్తే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 40 వోల్టులే వచ్చింది. మీటరు బోర్డు దగ్గర ఎర్త్ వైరు తుప్పు పట్టి తెగిపోయి ఉంది. కొత్త వైరు వేసి, ఎర్త్ గుంటలో నీళ్ళు పోసి మళ్ళీ కొలిస్తే 228 వచ్చింది. క్యాబినెట్ ఇప్పుడు జిల్లుమనడం లేదు.

వీధి చివర అబ్బాయిని పిలిచి విరిగిన పోర్టు, మీరందరూ రాసినవి చూపించాను. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఫ్రంట్ ప్యానెల్ ముక్క భీమవరంలో దొరికిందట, సాయంత్రం తనే తెచ్చి బిగిస్తానన్నాడు. శనివారం వచ్చిన పెద్దాయన కూడా ఇందాకే వచ్చారు. పెన్‌డ్రైవ్ నేనే తీసుకుని ఎక్స్‌టెన్షన్ వైరులో పెట్టాను, వాళ్ళ అమ్మాయి కార్డు మార్పులు ఇప్పుడే మొదలుపెట్టాను.